రెండోసారి రికార్డు చేసిన కథ

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. బడి వదిలాక పిల్లలకి కథ చెప్పడం, రికార్డు చేయడం నేర్పే మాస్టారు అనగానే జనం ఒక నెరిసిన గడ్డాన్నీ, చల్లటి చూపునీ ఊహించుకుంటారు. నాకు ఆ రెండూ లేవు. మైకులోకి ఉఫ్ మని ఊదిన కుర్రాణ్ని గది బయట నిలబెట్టాను. హెడ్‌ఫోన్ల తీగ మెలిపెట్టి చుట్టినందుకు ఒకమ్మాయిని ఏడిపించాను. వస్తువు విలువ తెలియాలని అలా చేశానని అప్పట్లో అందరికీ చెప్పుకునేవాణ్ని.

అంతకుముందు చాలా ఏళ్లు రేడియోలో అనౌన్సరుగా పనిచేశాను. ఉద్యోగం కాదు. పిలిచిన రోజు వెళ్లాలి, పిలవని రోజు ఇంట్లో ఉండాలి. అనకాపల్లిలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి, మా ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగులో పొలం కబుర్లు చదివి, మళ్లీ రైలెక్కి వచ్చేవాణ్ని. బోగీలో కాలు పెట్టగానే "ఏటి మామా, ఇక్కడెవులైనా ఉన్నారేటి" అని పక్కవాణ్ని అడిగి కూర్చునేవాణ్ని. కొన్నాళ్లకి పిలుపులు తగ్గాయి. తగ్గి తగ్గి ఆగిపోయాయి. ఇక రావద్దని నాతో ఎవరూ అనలేదు, ఆ మాత్రం మర్యాదకి కూడా నేను నోచుకోలేదు. ఆ మంట నాలో ఇంకా ఉంది. నేను తర్వాత చేసిన పనుల్లో దాని వాటా ఎంతో నాకు తెలియదు గానీ, ఉంది.

అలాంటి రోజుల్లో ఒక సంస్థ వాళ్లు వచ్చి, సర్కారు బళ్లలో సాయంత్రం రేడియో క్లబ్బులు పెడుతున్నాం, పిల్లలకి నేర్పుతారా అన్నారు. నన్ను పిలిచేవాళ్లు ఉన్నారన్న సంతోషంలో ఏం నేర్పాలని కూడా అడగకుండా సరేనన్నాను.

మాకు ఇచ్చిన బడి అనకాపల్లి నుంచి మునగపాక వెళ్లే రోడ్డు మీద ఉంది. ఇచ్చిన గది మధ్యాహ్న భోజనం బియ్యం నిలవచేసే గది. హెడ్మాస్టరు మొహమాటపడుతూ తాళం తీశాడు. నేను లోపలికి వెళ్లి చప్పట్లు కొట్టి చూశాను. గోడల వెంట బియ్యం బస్తాలు నడుమెత్తు వరకు పేర్చి ఉండటం వల్ల చప్పుడు తిరిగి రాలేదు. నేను పనిచేసిన స్టూడియోలో లక్షలు పోసి గోడలకి తొడిగిన మెత్తలు చేసే పని ఇక్కడ బస్తాలు ఊరికే చేసి పెడుతున్నాయి. నెలాఖరుకి బస్తాలు తగ్గేవి, గది మోగడం మొదలెట్టేది. అందుకని మంచి రికార్డింగులన్నీ నెల మొదట్లోనే చేసుకునేవాళ్లం. ఫ్యాను ఆపేయాలి, తలుపు వేసేయాలి. రోడ్డు మీద చెరుకు లారీ వస్తే అది పోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. కొన్ని వారాలకి పిల్లలు నాకంటే ముందు లారీని పసిగట్టి చెయ్యెత్తడం నేర్చుకున్నారు.

నేర్పడంలో నాకు ఒకటే పట్టుదల ఉండేది. ఎవరి మాటలో వాళ్లు చెప్పాలి. నేను పొట్టకూటి కోసం నా మాటని దులిపేసుకుని మైకు ముందు కూర్చున్నవాణ్ని. వీళ్లకి ఆ గతి పట్టకూడదనుకున్నాను. ఎవరైనా పాఠ్యపుస్తకంలా మొదలెడితే ఆపి, ఇంట్లో మీ అమ్మతో ఎలా చెబుతావో అలా చెప్పమనేవాణ్ని. రెండో సంగతి, కథలో ఆనవాళ్లు ఉండాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, చేతిలో ఏముంది. అవి చెబితే వినేవాడు నమ్ముతాడు, చెప్పకపోతే నమ్మడు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "అనగనగా ఒక ఊళ్లో" అని మొదలెట్టినవాణ్ని "ఏ ఊరు, బస్సుందా ఆ ఊరికి" అని అడిగి ఏడిపించేవాణ్ని.

పదిహేనుమంది పిల్లల్లో పధ్నాలుగుమంది సినిమా డైలాగులు చెప్పడానికే వచ్చారు. మిగిలిన ఒక్కతీ ఎనిమిదో తరగతి అమ్మాయి. మొదటి నెలంతా ఒక మూల బియ్యం బస్తాకి వీపు ఆనించి కూర్చుని వింది. రెండో నెలలో ఒకరోజు నేను బలవంతపెడితే మైకు ముందుకొచ్చి, వాళ్ల వీధిలో పంపు రిపేరు చేసిన సంగతి చెప్పింది. అందులో ఏమీ లేదు. పంపు పాడైంది, ఒకాయన వచ్చి బాగుచేశాడు, అంతే. కానీ నీళ్లు వచ్చే ముందు ఆ పిల్ల ఆగింది. మామూలు పిల్లలు ఆగితే భయపడి ఏదో ఒకటి అనేస్తారు. ఈ పిల్ల నిబ్బరంగా ఆగి, మాకందరికీ నీళ్ల కోసం ఎదురుచూపు పుట్టించి, అప్పుడు మిగతాది చెప్పింది. అన్నేళ్లు మైకు ముందు కూర్చున్నా అలా ఆగడం నాకు రాలేదు. నాకు సంతోషం వేసింది, దానితోపాటు అసూయ కూడా కలిగింది. రెండూ నిజమే కాబట్టి రెండూ రాస్తున్నాను.

"ఇలా చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావు" అని అడిగాను.

"మాయమ్మ ఇలాగే సెప్తాది సార్. కంపెనీ నుంచి వచ్చి తానం సేసి కూకుంతాది. నాను కాళ్లకి కొబ్బరినూని రాత్తాను. రోజంతా నిలబడే పని గదా. అప్పుడు ఆ రోజు జరిగిందంతా సెప్తాది."

వాళ్లమ్మ అచ్యుతాపురం వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని చేసేది. కంపెనీ పనే గానీ కంపెనీ మనిషి కాదు. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లని కూడగట్టి పంపేది ఒక మేస్త్రీ. పొద్దున్నే జంక్షన్ దగ్గర కంపెనీ బస్సు ఆగుతుంది, మేస్త్రీ మెట్టు మీద నిలబడి కాయితం చూసి పేర్లు పిలుస్తాడు, పిలిచినవాళ్లు ఎక్కుతారు. చేరినట్టు రాసిచ్చిన ముక్క ఎవరి దగ్గరా ఉండదు. పేరు పిలిస్తే పని ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు.

ఒక వారం నేను పిల్లలకి పని ఇచ్చాను. మీ ఇంట్లో విన్న సంగతి ఒకటి కథగా చెప్పాలి, సినిమాలు వద్దు, రాజులు వద్దు. ఈ పిల్ల చెప్పింది బస్సు కథ. మొదటిసారి చెప్పినప్పుడు అంతా పొడిపొడిగా ఉంది. ఒక కంపెనీ, ఒక బస్సు, ఒకావిడకి బాగోలేదు, ఇంకొకావిడ సాయం చేసింది. అసలు సరుకు లోపల దాచుకుని చెబుతోందని నాకు తెలిసిపోయింది. పీకడం మొదలెట్టాను. ఏ వేళ బస్సు? ఎక్కడ పడుకోబెట్టారు? ఎందుకు పడిపోయింది? ఎవరేమన్నారు?

ఆ పిల్ల కాసేపు బస్తా మీది పురికొస ముడి పట్టుకుని లాగుతూ ఉండిపోయింది.

"మాయమ్మ బయట సెప్పొద్దన్నాది సార్."

ఈ మాట నేను విన్నాను. తర్వాత చాలామందితో నాకు ఈ సంగతి ముందు తెలియదన్నట్టు మాట్లాడాను, అది అబద్ధం. స్పష్టంగా విన్నాను. విని, నవ్వి, "కథే కదమ్మా ఇది. పేర్లు చెప్పట్లేదు కదా మనం" అన్నాను. మాస్టారు అన్నాక ఇంకేముంది. వాళ్లమ్మ మాట మీద నా మాట నెగ్గింది. ఆ సాయంత్రం అందుకు గర్వపడ్డాను కూడా.

మర్నాడు రికార్డు చేశాం. అప్పటికి బస్తాలు కొత్తగా వచ్చి ఉన్నాయి, గది బాగుంది. ఆ పిల్ల చెప్పింది నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది.

"సాయంత్రం ఆరున్నరకి మా జంక్షన్లో కంపెనీ బస్సు ఆగుతాది. బస్సు కనబడకముందే గాజులు వినిపిత్తాయి. కంపెనీలోన గాజులెట్టుకోకూడదు. పొద్దున్న బస్సులో అందరూ తీసీసి క్యారేజీ మూతలో ఎట్టుకుంతారు, వచ్చీటప్పుడు అందరూ ఒక్కపాలే ఏసుకుంతారు. అందుకే మాయమ్మ ఒక సైజు పెద్ద గాజులు కొంతాది. ఒకరోజు బస్సొచ్చింది గాని గాజులు వినబడలేదు. మూడో లైన్లో మాయమ్మ పక్కన సేసే అత్త కళ్లు తిరిగి పడిపోయిందంట. అక్కడ వాసనెక్కువ. ఆస్పత్రికి తీసికెల్లలేదు. బస్సులో ఎనక సీటు మీద పడుకోబెట్టీసేరు. మాయమ్మ ఒళ్లో తలెట్టుకుంది. మేస్త్రీ వచ్చి, ఎండకి పడిపోయిందని సెప్పండి, ఇంకేటీ సెప్పొద్దు అన్నాడంట. ఆ అత్తోల ఊరు దగ్గరికొచ్చింది. ఈ బోడి సేతుల్తో దింపితే ఇంట్లో ఆల అత్తగోరి గుండె ఆగిపోద్దని మాయమ్మకి అనిపించింది. ఆవిడి క్యారేజీ ఇప్పి, ఆవిడి గాజులు తీసి, ఒక్కొక్కటే ఏసింది. సేతులు సల్లగా ఉన్నాయంట. ఆవిడికి తెలివి నేదు. గాని గాజులేత్తంటే సేతి ఏళ్లు దగ్గరికి ముడిసిందంట, పెళ్లికూతురు ముడిసినట్టు."

చెప్పింది పదమూడేళ్ల పిల్ల. నా రేడియో రోజులన్నీ వెతికినా ఇలాంటిది ఒక్కటి లేదు. ఇంకో అమ్మాయి చేత గాజులు ఊపించి ఆ చప్పుడు విడిగా రికార్డు చేసి మొదట్లో అతికించాను. చివరి మాట తర్వాత కొంచెం ఖాళీ వదిలాను. పని బాగా కుదిరింది.

శనివారం ఆఖరి పీరియడులో మా స్కూల్ రేడియో ఉండేది. రేడియో అంటే బడి మైకుసెట్టే. వరండాలో స్పీకరు పెట్టి, ఆ వారం రికార్డు చేసినవి వినిపించేవాళ్లం. బస్సు కథ అయ్యాక టీచర్లలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. నాకు అదీ చాల్లేదు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద బడి పేరు, క్లబ్బు పేరు, ఆ పిల్ల తరగతి రాశాను. నా పేరు కూడా రాసుకున్నాను. ఆదివారమంతా ఫోను చేతిలో పట్టుకుని ఎవరెవరు చప్పట్ల బొమ్మలు పెట్టారో చూసుకుంటూ గడిపాను. ఆ గ్రూపులో మేస్త్రీ ఉంటాడని నాకు తోచలేదు. ఆయన కొడుకు ఆరో తరగతిలో ఉన్నాడు మరి.

సోమవారం ఆ పిల్ల క్లబ్బుకి రాలేదు. మంగళవారం వచ్చి, అందరూ వెళ్లేదాకా ఆగి, "మాయమ్మని బస్సెక్కనివ్వలేదు సార్" అంది. ఏడుస్తూ చెప్పలేదు. నిన్నా మేస్త్రీ పేరు పిలవలేదు, ఇవాళా పిలవలేదు, అడిగితే పక్కకి నిలబడమన్నాడు, అందరూ ఎక్కాక తలుపేసుకుని వెళ్లిపోయారు అని, వరసగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి చెప్పింది. ఇంట్లో ఆవిడ తెచ్చే జీతమే ఆధారమని కూడా అప్పుడే తెలిసింది. తండ్రికి నడుం పడిపోయి మూడేళ్లుగా మంచం దిగడం లేదు.

బుధవారం తల్లే వచ్చింది. బక్కపల్చటి మనిషి. తిడుతుందని సిద్ధపడి కూర్చున్నాను. తిడితే ఏమనాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మిమ్మల్నేటీ అనడానికి రాలేదు బాబూ," అంది. "అదంతా అబద్ధం, పిల్ల అల్లిన కత, అలాటిదేటీ జరగనేదు అని దాని గొంతుతోటే మల్లీ సెప్పించి ఆ గ్రూపులోనే ఎట్టమన్నాడు మేస్త్రీ. అది పైవోల్లకి వినిపించి నన్ను ఎక్కించుకుంటాడంట. మీరు ఆ మిసను మల్లీ ఓపాలి ఎట్టండి."

నేను పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను. అలా లొంగకూడదమ్మా అన్నాను. లేబర్ ఆఫీసుకి వెళ్దాం, నేనూ వస్తాను, పేపరువాళ్లు నాకు తెలుసు, పడిపోయినావిడ చేత కూడా చెప్పిద్దాం అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆవిడ అంతా విన్నది.

"ఎల్దాం బాబూ. మీరు తోడొత్తానంటే ఎల్దాం. మరి రేప్పొద్దున్న బస్సు?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ రోజు నాకు కోపం ఎవరి మీద రావాలో వాళ్ల మీద రాలేదు, ఎదురుగా నిలబడ్డ ఆవిడ మీద వచ్చింది. ఇంత మంచి కథని అబద్ధమని చెప్పమంటోందే, దీని విలువ ఈవిడకి తెలియదే అని. ఆవిడ జీవితంలోంచి నేను తీసుకున్న కథ అది. దాని విలువ ఆవిడకి నేను చెప్పాలట. ఆ ఆలోచన నాకు వచ్చిందని రాయడానికి ఇవాళ సిగ్గుగా ఉంది, కానీ వచ్చింది.

"సరే, రేపు పిల్లతో రండి" అన్నాను.

మర్నాడు మిగతా పిల్లల్ని పంపేశాను. తల్లి లోపలికి రానంది, వరండాలో గట్టు మీద కూర్చుంది. నేను నాలుగు వాక్యాలు కాయితం మీద రాసి తెచ్చాను. ఆ పిల్ల చదువుకుని తలెత్తింది.

"ఆ అత్త అసలు నేదని సెప్పాలా సార్?"

"అవునమ్మా."

"గాజులేసింది కూడా నేదనాలా?"

"అన్నీ లేవనాలి."

తలుపు వేశాను. రికార్డరు ఆన్ చేశాను. చదివింది. బళ్లో ప్రతిజ్ఞ చెప్పినట్టు, ఒక్క బిగిని, గడగడా చదివేసింది. ఇది గ్రూపులో పెడితే ఎవరో రాసిచ్చి చదివించారని చిన్నపిల్లలు కూడా కనిపెట్టేస్తారు. మేస్త్రీ ఒప్పుకోడు. నేను అక్కడితో వదిలేసి ఉండొచ్చు. చెత్తగా ఉన్నదాన్ని చెత్తగానే పంపి, నా వంతు ఇంతే అని చేతులు దులుపుకుని ఉండొచ్చు. కానీ వాళ్లమ్మ బస్సు ఎక్కాలి కదా. పైగా పాడు అలవాటు ఒకటుంది నాకు, సరిగ్గా రాని టేకుని వదల్లేను.

"ఇలా కాదు. చదువుతున్నట్టుంది," అని కాయితం లాగేసుకున్నాను. "నీ మాటల్లో చెప్పు. వినేవాళ్లు నమ్మాలి."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. సీసాలో నీళ్లు రెండు గుక్కలు తాగింది. ఏదో ఆలోచించుకుంది. రోడ్డు మీద లారీ వస్తుంటే చెయ్యెత్తింది. అది దాటిపోయాక చెయ్యి దించి మొదలెట్టింది.

"మొన్న మీరందరూ ఇన్న బస్సు కత నాను అల్లింది. ఏసంగి సెలవల్లో మా మేనత్తోలింటికి సబ్బవరం ఎల్లేను. ఆలింట్లో పొద్దత్తమానూ టీవీ ఉంతాది. ఒకరోజు సీరియల్లో ఒకావిడ బస్సులో పడిపోయింది. మా అత్త కూతురు పక్కన కూకుని జంతికలు తింతంది, నాకు ఒక్కటంటే ఒక్కటే ఇచ్చింది. ఆ కోపంలో సరిగా సూడనేదు, అందుకే నా కత కొంచెం అటూ ఇటూ అయింది. ఆ సీరియల్ది తెచ్చి మాయమ్మ బస్సులో ఎట్టేను. మాయమ్మోల కంపెనీలో అలాటిదేటీ జరగనేదు. మాయమ్మ ఇని నన్ను బాగా తిట్టింది. తప్పయిపోయింది, ఏటనుకోకండి."

జంతిక దగ్గర చిన్నగా నవ్వింది. ఆ నవ్వు మైకులో ఎంత సహజంగా పడిందో నేను చెప్పలేను. ఒక్క టేకు. కత్తిరించవలసింది ఏమీ లేదు.

"సబ్బవరం ఎప్పుడు వెళ్లావు?" అని అడిగాను.

"ఎల్లనేదు సార్. మాకు మేనత్త నేదు."

నేను నేర్పిన ప్రతి ముక్కా ఆ పిల్లకి వచ్చేసింది. ఏ వేళ, ఏ ఊరు, ఎవరి పక్కన ఎవరు, చేతిలో ఏముంది. నాలుగు నెలలపాటు నేను ఇదే నేర్పాను, నిజం కోసం అనుకుంటూ.

తలుపు తీసి, తల్లికి వినిపించాను. ఆవిడ గట్టు మీద కూర్చునే, తల వంచుకుని మొత్తం వింది. సబ్బవరం మేనత్త వచ్చినప్పుడు తలెత్తి కూతుర్ని చూసింది. అయిపోయాక, "బాగా సెప్పింది" అంది. ఆ మాట అంటూ కూడా కూతుర్నే చూస్తోంది, పొరుగింటి పిల్లని ఎవరి పిల్లా అని చూసినట్టు. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. పని అయిపోయిందన్న తొందరలో ఉన్నాను. అక్కడే నిలబడి గ్రూపులో పెట్టేశాను. ఈసారి కింద నా పేరు రాసుకోలేదు.

ఒకరిద్దరు నవ్వు బొమ్మలు పెట్టారు. పిల్ల గడుసుది అని ఒకాయన రాశాడు. శనివారం కళ్లు తుడుచుకున్న టీచరు, నన్ను వరండాలో ఆపి, నేను నిజమనే అనుకున్నానండీ, ఎంత బాగా నమ్మించిందో అంది. హెడ్మాస్టరు మాత్రం నన్ను గదిలోకి పిలిచి, ఇకనుంచి పుస్తకంలో ఉన్న కథలు చాలు మాస్టారూ అన్నాడు. నేను వాదించలేదు. నాతో నేనే వాదించలేకపోతున్నాను, ఆయనతో ఏం వాదిస్తాను.

సోమవారం మేస్త్రీ ఆవిడ పేరు పిలిచాడు. బస్సు ఎక్కింది. పడిపోయినావిడ కోలుకుని మళ్లీ పనికి వస్తోంది గానీ, ఆవిడ పేరు మాత్రం ఆ వారం నుంచి పిలవడం మానేశాడు. అడగడానికి ఎవరికీ నోరు లేకుండా పోయింది. అలాంటి మనిషే లేదని మేమే రికార్డు చేసి ఇచ్చాం. ఆవిడ ఊరు నాకు తెలుసు. ఒకసారి వెళ్లి కనుక్కోవాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్లలేదు. వెళ్లి ఏమని పరిచయం చేసుకోవాలో తెలియలేదు.

ఆ పిల్ల మూడు వారాలు క్లబ్బుకి రాలేదు. నేను కబురు పెట్టలేదు. నాలుగో వారంలో తనంతట తనే వచ్చి, చిన్నపిల్లలకి మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో జానెడు కొలిచి చూపించడం మొదలెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. క్షమించేసిందనుకున్నాను, లేకపోతే పిల్లలు కదా, మరిచిపోయిందనుకున్నాను. మనకి కావలసింది మనం ఎంత తొందరగా నమ్ముతామో.

పిల్లలందరూ పుస్తకంలోని కుందేళ్లూ తాబేళ్లూ చెబుతున్నారు. ఆ పిల్ల వంతు వచ్చింది. తల అడ్డంగా ఊపింది.

"నా దగ్గర ఏటీ నేవు సార్ సెప్పడానికి."

అందరూ వెళ్లాక దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాను. రికార్డు చెయ్యననీ, గ్రూపులో పెట్టననీ, ఊరికే నాకే చెప్పమనీ అడిగాను. కంపెనీ కబుర్లే అక్కర్లేదు, మీ అమ్మ చెప్పే మామూలు కబుర్లు ఏవైనా చెప్పు అన్నాను.

"మాయమ్మ ఇంట్లో ఏటీ సెప్పట్లేదు సార్ ఇప్పుడు."

"అలసిపోయి వస్తోందేమో."

"నాన్నతో సెప్తాది సార్. నాను లోపలికెల్తే ఆపేత్తాది. నాను మల్లీ బయటికెల్లేక మొదలెడతాది."

"నువ్వు అడగలేదా?"

"అడిగేను సార్. ఈసారి ఎక్కడా సెప్పనని ఒట్టేసేను."

"ఏమంది?"

"నీ ఒట్టు నానెలా నమ్మనే, నువ్వు నేని మేనత్తని పుట్టించీగలవు అంది." కాస్త ఆగింది. "కోప్పడనేదు సార్. నవ్వుతానే అంది."

ఆ పిల్ల సంచీ తగిలించుకుని, వెళ్తానని చెప్పి వెళ్లిపోయింది. ఆ తల్లి రోజంతా నిలబడి పనిచేసి, ఇంటికొచ్చి, కళ్లారా చూసిందంతా తన కూతురికి చెప్పుకునేది. దాన్ని నేను ఆపేశాను.